మగ్గం నేర్పిన గొంతు

రేపల్లెలో ప్రమీలారాణి ఎవరని అడిగితే వీధిలో సగం మంది తెల్లమొహం వేస్తారు. ఆమె గొంతు వినపడితే మాత్రం పాలు పొంగుతున్నా పొయ్యి కట్టేసి గుమ్మంలోకి వస్తారు. ఆటో మీద మైకులోంచి "ప్రియమైన పుర ప్రజలారా" అంటూ వచ్చే ఆ గొంతు తెనాలి నుంచి నిజాంపట్నం దాకా ఎన్నో ఏళ్ళుగా తిరుగుతూనే ఉంది. చీరల కొట్టు ప్రారంభోత్సవం, పిల్లలకు పోలియో చుక్కలు, కంటి వైద్య శిబిరం, తుఫాను హెచ్చరిక, ఎన్నికలు. ఏదైనా ఆ గొంతు చెప్పాకే ఊరికి నమ్మకం.

ఆ గొంతు గల మనిషి మాత్రం బజారులో బెండకాయలు ఎంతని అడిగితే కొట్టువాడు "ఏంటమ్మా, కాస్త గట్టిగా అనండి" అంటాడు. ఆవిడ సిగ్గుపడి, వేలితో బెండకాయలు చూపించి, ఆయన చెప్పిన ధరకే తెచ్చుకుంటుంది. ఎదురింటివాళ్ళు కూడా ఒకసారి ఆమె గుమ్మంలోనే నిలబడి, మైకులో వెళుతున్న ఆమె గొంతు విని, "ఎవరో గానీ ఎంత బాగా చెబుతుందో కదండీ" అన్నారు. ప్రమీలారాణి అవునండి అని తల ఊపింది.

ఆమె గొంతుకు ఒక నడక ఉంది. నాలుగు మాటలు చెబుతుంది, ఆగుతుంది. మళ్ళీ నాలుగు మాటలు, మళ్ళీ ఆగుతుంది. ఆ ఆగిన చోట వినేవాళ్ళ చెవి కాస్త ముందుకు వంగుతుంది. తెనాలిలో స్టూడియో నడిపే బెన్నీ మొదట్లో ఆ ఖాళీలు కత్తిరించి చూశాడు. కత్తిరించాక ఆ మాటలకు ప్రాణం పోయినట్టనిపించి, మళ్ళీ ఎక్కడివక్కడ అతికించేశాడు. "అక్కా, ఇది ఎవరు నేర్పారు నీకు?" అని అడిగాడు ఒకరోజు.

"మా మగ్గం" అంది ఆమె.

అది నిజం. ఆమె పుట్టింది చీరాల దగ్గర, వాడరేవు దారిలో ఉన్న నేతపేటలో. మగ్గాల పాకలో ఒక చెవిన సముద్రం, ఇంకో చెవిన పడుగు మధ్య దారం లాక్కుంటూ పరిగెత్తే నాడె చప్పుడు. ఆ పాకలో ఒక అలవాటు ఉండేది. చేతులు, కాళ్ళు, కళ్ళు అన్నీ మగ్గానికే అప్పజెప్పిన నేతగాళ్ళకు చెవులు మాత్రం ఖాళీ. అందుకని చదువొచ్చిన పిల్ల ఎవరో ఒకరు పాక మధ్యలో పీట వేసుకుని పేపరు చదివేవారు. ప్రమీలారాణి తండ్రి రామబ్రహ్మం నేసే మగ్గం పాకకు ఆ చివర ఉండేది. ఆయనకు వినపడాలంటే నాడె ఇటు నుంచి అటు వెళ్ళి దెబ్బ పడ్డాక, మళ్ళీ పరిగెత్తే లోపు ఉన్న కాస్త నిశ్శబ్దంలో మాట వదలాలి. దెబ్బ పడేటప్పుడు ఊపిరి తీసుకోవాలి. పీట మీద కూర్చున్న చిన్నప్పటి ప్రమీలారాణి అలా ఊపిరికీ మాటకీ వంతులు వేసుకుంది. పెరిగి పెద్దదై, రేపల్లెలో మైకుసెట్టు కొట్టు నడిపే ఆయన్ని పెళ్ళాడి వచ్చాక, ఒక రోజు చెప్పాల్సిన మనిషి రాకపోతే భర్త బతిమాలగా మైకు ముందు కూర్చుంది. కళ్ళు మూసుకుంది. ఎదురుగా పాక, ఆ చివర తండ్రి. ఆయనకు వినపడేలా చెప్పింది. అంతే. భర్త పోయి ఏళ్ళయింది, మైకుసెట్టు కొట్టు ఎత్తేశారు. ఇప్పుడు తెనాలి వెళ్ళి బెన్నీ స్టూడియోలో ఒకసారి చెప్పి వస్తే, ఆ రికార్డు ఆటోలెక్కి ఊళ్ళు తిరుగుతుంది. అయినా మైకు ముందు కూర్చుంటే ఇప్పటికీ కళ్ళు మూసుకుంటుంది. ఇప్పటికీ చెప్పేది ఆ చివర కూర్చున్న మనిషికే.

తండ్రి లేడు. తల్లి వెంకాయమ్మ ప్రమీలారాణి దగ్గరే ఉంటుంది. ఎనభై దాటింది, చూపు దాదాపు పోయింది. చెవులు మాత్రం చురుకు. ఆ చెవులకు కమ్మలు ఉండవు. రంధ్రాలు పూడిపోకుండా చెరో వేపపుల్ల పెట్టుకుంటుంది. ఎవరైనా "ఈ వయసులో భలే వినపడుతుంది మామ్మా నీకు" అంటే, "సరిహద్దు దాకా వెళ్ళొచ్చిన చెవులమ్మా ఇవి" అని నవ్వుతుంది. అడిగినవాళ్ళకు అర్థం కాదు.

ఏటా ఆగస్టు పదిహేను పొద్దున్నే వెంకాయమ్మ తలంటు పోసుకుని, నేత చీర కట్టుకుని, అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది. కూతురి గొంతు వీధిలోంచి వెళ్ళేదాకా టిఫిన్ ముట్టదు. పక్క సందులో మొదలై, తమ వీధిలో పెద్దదై, కాలువ వంతెన మీదుగా సన్నగిల్లిపోయేదాకా వింటుంది. అప్పుడు "సరే, ఇక ఇడ్లీ పెట్టు" అంటుంది. ఆమెకు అదే జెండా వందనం.

ఈసారి ఆగస్టు మొదటి వారంలో బెన్నీ ఫోను చేస్తే ప్రమీలారాణి తెనాలి రైలెక్కింది. నాట్ల కాలం. పల్లికోన దాటాక రైలు భూమి మీద కాక ఆకాశంలో నడుస్తున్నట్టుంటుంది ఆ రోజుల్లో. మడుల నిండా నీళ్ళు, నీళ్ళ నిండా మబ్బులు. వంగి నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు మబ్బుల్లో నారు గుచ్చుతున్నట్టు కనపడ్డారు. భట్టిప్రోలు, వేమూరు, జంపని ఒకదాని వెనక ఒకటి కళ్ళలోంచి జారిపోయాయి. రైలు పట్టాల మీద చక్రాల చప్పుడు కూడా ఆమెకు నాడె చప్పుడే. పెదాలు కదుపుతూ కూర్చుంది.

బెన్నీ స్టూడియో మేడ మీద చిన్న గది. శబ్దం గోడలకు కొట్టుకోకుండా నాలుగు వైపులా కోడిగుడ్ల అట్టలు అంటించి ఉంటాయి. ఆమె వెళ్ళేసరికి బసవేశ్వరరావు కూర్చుని ఉన్నాడు. జంపని దగ్గర పొలం ఉన్న పెద్దాయన. రైతు కుటుంబమే గాని, వయసులో ఉన్నప్పటి నుంచి ఎర్రజెండా సంఘం మనిషి. ఆగస్టు పదిహేనుకు వాళ్ళ సంఘం ఊరేగింపు ఉంది. దానికి ప్రకటన రాసి, గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చాడు.

కాగితం ఇంకా బయటకు తీయనేలేదు, మెట్ల మీద బూట్ల చప్పుడయింది. వచ్చినవాడు గిరిబాబు. బసవేశ్వరరావుకు సొంత చెల్లెలి కొడుకు. బాపట్లలో ఎరువుల వ్యాపారం, దానితో పాటు ఒక జాతీయవాద యువజన సంఘానికి కార్యదర్శి. వాళ్ళకూ అదే రోజు ఊరేగింపు ఉంది. వాళ్ళకూ కావలసింది అదే గొంతు.

మామ అల్లుణ్ణి ఎగాదిగా చూశాడు. "ఏరా అల్లుడూ, దేశాన్ని మోసుకుంటూ మెట్లెక్కావా? ఆయాసం రాలేదూ?"

"నువ్వు మధ్యలో దించేశావుగా మామయ్యా. ఎవరో ఒకరు ఎత్తుకోవాలిగా" అన్నాడు గిరిబాబు, కుర్చీ లాక్కుంటూ. తర్వాత ప్రమీలారాణి వైపు తిరిగి, "బాగున్నారా పిన్నీ" అని అడిగాడు. వాడి మాటలో మర్యాదకు లోటుండదు.

"మీ ఇద్దరూ బయట తేల్చుకుని రండి సార్, గదిలో గుడ్ల అట్టలు ఊడిపడతాయి" అన్నాడు బెన్నీ.

ప్రమీలారాణి ముందు గిరిబాబు కాగితం తీసుకుంది. కొత్త కాగితాన్ని మొదట మనసులో చదువుకోవటం ఆమె పద్ధతి. బాగుంది. మంచులో కాపలా కాసే సైనికుడి గురించి ఉంది, కృష్ణ నీళ్ళ గురించి, మన తల్లుల చేతి ముద్దల గురించి ఉంది. పెదాలు వాటంతట అవే కదిలాయి. చివర్లో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాయి. "ఎర్రజెండా పట్టినవాడు ఈ దేశం వాడు కాడు" అని ఉంది.

ఆమె ఆ కాగితం బల్ల మీద పెట్టి, బసవేశ్వరరావు కాగితం తీసుకుంది. నేతగాళ్ళ కూలి గురించి ఉంది, కౌలు రైతుల గురించి ఉంది. చదువుతుంటే తండ్రి పాక కళ్ళలో మెదిలింది. అందులోనూ ఒకచోట ఆగింది. "జాతీయవాదం ఒక జబ్బు. జెండా ఊపే ప్రతివాడూ నాటకమాడేవాడే."

రెండు కాగితాలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"బాబూ," అంది ప్రమీలారాణి. బెండకాయల కొట్టు దగ్గరి గొంతుతోనే అంది. "నీ కాగితం మొత్తం చదువుతాను, ఈ ఒక్క ముక్క మాత్రం నా నోట రాదు. బాబాయిగారూ, మీదీ అంతే."

"అదేంటమ్మాయ్," అన్నాడు బసవేశ్వరరావు, "సబ్బుల ప్రకటన చదువుతావు, ఆ సబ్బు నువ్వు వాడతావా?"

"లేదండి. కానీ ఇంకో సబ్బు వాడేవాణ్ణి ఊళ్ళోంచి పొమ్మని ఏ సబ్బువాళ్ళూ రాయలేదండి ఇంతవరకూ."

బెన్నీ నవ్వు ఆపుకోలేక కంప్యూటరు వైపు తిరిగిపోయాడు. గిరిబాబు కూడా నవ్వాడు. నవ్వి, ఎంతో దయగా, ముసలివాళ్ళకు బస్సులో సీటు ఇచ్చినట్టు అన్నాడు. "మీరు ఇబ్బంది పడకండి పిన్నీ. మీరు చెప్పకపోయినా ఫర్వాలేదు. మీ పాత ప్రకటనలన్నీ మా కుర్రాళ్ళ దగ్గర ఉన్నాయి. అవి కంప్యూటరుకి వినిపిస్తే మీ గొంతు నేర్చేసుకుంటుంది. ఏం రాసిస్తే అది మీలాగే చెబుతుంది. మీరు హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు."

"అలా ఎలా చేస్తారు సార్? అక్క ఒప్పుకోవాలిగా" అన్నాడు బెన్నీ.

"ఆవిడ పేరెక్కడన్నా వేస్తున్నామా బెన్నీ? గొంతేగా" అన్నాడు గిరిబాబు, నిజంగానే తప్పేమిటో అర్థం కానట్టు.

సాయంత్రపు రైలులో ఆమె మడుల వైపు చూడలేదు. గొంతేగా అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఆ ఆటో తమ వీధికీ వస్తుంది. రేపల్లె అంతా తిరుగుతుంది. అరుగు మీద తలంటు పోసుకుని కూర్చున్న తల్లి చెవిలో, ఎర్రజెండా పట్టిన రామబ్రహ్మం ఈ దేశం వాడు కాడన్న మాట, రామబ్రహ్మం కూతురి గొంతుతోనే పడుతుంది. ఆమె భయమంతా అదే. ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటారో అన్నది కాదు.

"ఈసారి ఏం చెబుతున్నావే?" అని అడిగింది వెంకాయమ్మ, అన్నం తింటూ.

"ఇంకా అనుకోలేదమ్మా."

"సైనికుల గురించి చెప్పు. పాపం ఆ చలిలో ఎట్టా ఉంటారో" అంది వెంకాయమ్మ, చెవి పుల్ల సర్దుకుంటూ.

రెండు రోజులు ఆలోచించి ప్రమీలారాణి బసవేశ్వరరావుకు ఫోను చేసింది. "మీ అల్లుడి దగ్గరికి వెళ్ళాలి. బాపట్ల దాకా తోడు వస్తారా బాబాయిగారూ?"

"వాడు నా మాట వినడమ్మా. నువ్వు మాట్లాడు, నేను పక్కన కూర్చుని పళ్ళు నూరుతాను" అన్నాడాయన.

తెనాలి స్టేషనులో బండి కిటకిటలాడుతోంది. బసవేశ్వరరావు ఇంకా బండి ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపాడు. ఎక్కి చూసేసరికి ఆ తువ్వాలు మడతపెట్టి పైన పెట్టి, ఎవరో లావుపాటి ఆయన తీరిగ్గా వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. కాసేపు మాటా మాటా అనుకున్నాక సర్దుకుని ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. నిడుబ్రోలు దాకా బసవేశ్వరరావు చిరచిరలాడుతూనే ఉన్నాడు. తర్వాత తనలో తనే నవ్వుకున్నాడు.

"చూశావా అమ్మాయ్. మా సంగతి కూడా ఇంతే అయింది. మా నాన్న తరంలో తెల్లవాణ్ణి పొమ్మన్నది పేదవాళ్ళు. రైతులు, నేతగాళ్ళు. మన తెనాలి రణరంగ చౌక్ దగ్గర నిలబడి గుండ్లకు ఎదురెళ్ళినవాళ్ళను కుడివైపువాళ్ళా ఎడమవైపువాళ్ళా అని ఎవరడిగారు? అప్పట్లో దేశం అంటే గద్దె మీద ఉన్నవాడికి ఎదురు చెప్పటం. ఆ సీటు మీద మా వాళ్ళు కూడా తువ్వాలు వేశారమ్మా. వేసి, ప్రపంచం అంతా ఒకటే అని చెబుతూ ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ నిలబడ్డారు. తిరిగొచ్చేసరికి గిరిబాబుగాడు కూర్చుని వేరుశెనక్కాయలు తింటున్నాడు."

"మరి కూర్చున్నవాళ్ళ మీద కోపంతో సీటునే జబ్బు అంటే ఎట్టాగండి?" అంది ప్రమీలారాణి, కిటికీ వైపు చూస్తూ.

అప్పికట్ల వచ్చింది, వెళ్ళింది. పక్కాయన ఇద్దరి చేతుల్లోనూ గుప్పెడు వేరుశెనక్కాయలు పోశాడు. నిలబడ్డ ఒక చంటిపిల్ల తల్లిని ఆయనే పిలిచి, తను లేచి కూర్చోబెట్టాడు. బసవేశ్వరరావు తువ్వాలు తీసి ఆ పిల్ల కాళ్ళ కింద పరిచాడు.

బాపట్లలో గిరిబాబు ఆఫీసు ఎరువుల కొట్టు వెనక గది. బస్తాల వాసన, గోడకు జాతీయ జెండా, బల్ల మీద కంప్యూటరు. వాడు టీ తెప్పించాడు. "మంచి టైముకి వచ్చారు పిన్నీ. మీ గొంతు నిన్ననే తయారైంది. వినండి" అంటూ నొక్కాడు.

గది నిండా ప్రమీలారాణి గొంతు.

దగ్గు లేదు, అలుపు లేదు. ఇరవై ఏళ్ళ కిందటిదేమో అన్నంత లేతగా ఉంది. వింటుంటే ఆమెకు ఒంట్లోంచి ఏదో జారిపోతున్నట్టు అనిపించింది. కలలో మన వీపు మనకే కనపడుతుందే, మనం ఎటో నడిచి వెళ్ళిపోతుంటాం, పిలిస్తే వెనక్కి తిరగం, అలా. ఆ గొంతు మంచులో సైనికుణ్ణి దాటింది, కృష్ణ నీళ్ళను దాటింది, తల్లి చేతి ముద్ద దగ్గరికి వచ్చింది. ఎక్కడా ఆగకుండా ఆ ఒక్క వాక్యాన్నీ చెప్పేసింది. దాన్ని కూడా అంతే తియ్యగా చెప్పింది.

బసవేశ్వరరావు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎట్టా ఉంది పిన్నీ?" అన్నాడు గిరిబాబు, పిల్లాడిలా మొహం వెలిగిపోతూ.

"మా అమ్మ చెవులు చూశావా బాబూ ఎప్పుడన్నా?" అంది ప్రమీలారాణి.

వాడికి అర్థం కాలేదు. ఆమె చెప్పింది. మైకు లేదు, కాగితం లేదు, అయినా కళ్ళు మూసుకునే చెప్పింది.

"చైనా యుద్ధం నాటికి మా అమ్మకు కొత్తగా పెళ్ళయింది. మా నాన్న ఎర్రజెండా మనిషి, మా పాక కప్పు మీద ఎప్పుడూ ఆ జెండా ఉండేది. సైనికులకు సాయం చెయ్యమని మా పేటలో మీటింగు పెట్టారంట. ఇవ్వటానికి ఇంట్లో ఏముంది? మా అమ్మ పుట్టింటివాళ్ళు పెట్టిన కమ్మలు ఒక్కటే. నాన్న అడగలేదంట. అడగటానికి నోరు రాక నిలబడ్డాడంట. మా అమ్మే తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తీసుకెళ్ళి ఇచ్చొచ్చాడు. ఆ సాయంత్రమే, ఎర్రజెండా వాళ్ళంతా చైనావాళ్ళే అని అరుచుకుంటూ కొందరొచ్చి మా పాక మీద రాళ్ళు వేశారు. పొద్దున కమ్మలు పుచ్చుకున్న సంచి పట్టుకుని తిరిగిన కుర్రాడు కూడా అందులో ఉన్నాడంట."

"మరి మీ నాన్నగారు?"

"జెండా దించలేదు. తిట్టనూ లేదు. మగ్గం గుంటలో కూర్చుని నేస్తూనే ఉన్నాడంట. ఏటా ఆగస్టు పదిహేనుకు ఆ కప్పు మీదే ఎర్రజెండా పక్కన మూడురంగుల జెండా కూడా కట్టేవాడు. తర్వాత కమ్మలు చేయిస్తానంటే మా అమ్మే వద్దంది. అవి అక్కడే, సరిహద్దులోనే ఉండనీ అంది." ఆమె కళ్ళు తెరిచింది. "ఆ రోజు రాళ్ళేసినవాళ్ళు అన్న మాటే బాబూ నీ కాగితంలో ఉన్నది. ఈసారి నా గొంతుతో అనిపిస్తున్నావు. మా అమ్మ అరుగు మీద కూర్చుని వింటుంది."

గిరిబాబు పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "అప్పట్లో అలాంటివాళ్ళు ఉండేవారేమో పిన్నీ. ఇప్పుడు ఎవరున్నారు?"

"నేనున్నా కదరా" అన్నాడు బసవేశ్వరరావు.

"నువ్వు నా మామయ్యవి."

"అంటే ఏంటి? దేశానికి కాకపోయినా మీ ఇంటికి చెందుతాననా?"

వాడికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. తర్వాత నవ్వు పోయింది. "కమిటీ అంతా కూర్చుని ఖాయం చేసింది మామయ్యా. నా ఒక్కడి చేతిలో లేదు" అన్నాడు నేల చూస్తూ. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. మాట మాత్రం ఇవ్వలేదు.

పద్నాలుగో తారీకు మధ్యాహ్నం బసవేశ్వరరావు ఫోను చేశాడు. "ఆ జబ్బు ముక్క కొట్టేయించానమ్మాయ్. మా వాళ్ళతో పెద్ద రభసే అయింది. నీతో చదివించటానికి ఇక టైము లేదు, మా తమ్ముడే చదివాడు. వినలేక చస్తున్నాం." అల్లుడి సంగతి అడిగితే, "వాడు ఫోను ఎత్తటం లేదు" అన్నాడు.

ప్రమీలారాణి ఆ సాయంత్రం వెంకాయమ్మకు చెప్పాలని రెండుసార్లు పక్కన కూర్చుంది. తల్లి నేత చీర తడిమి మడతలు చూసుకుంటోంది. చెప్పలేక లేచి లోపలికి వెళ్ళింది.

తెల్లవారింది. సన్నగా జల్లు పడి వెలిసింది. పిల్లలు చొక్కాలకు కాగితం జెండాలు గుచ్చుకుని బడికి వెళుతున్నారు. వీధిలో నిలిచిన నీళ్ళల్లో ఇళ్ళు తలకిందులుగా తేలుతున్నాయి. వెంకాయమ్మ అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉంది, తడి జుట్టు వీపు మీద విరబోసుకుని. ప్రమీలారాణి ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"ఇంకా రాలేదేంటే నీ గొంతు?"

"ఈసారి నేను చెప్పలేదమ్మా."

వెంకాయమ్మ ఆశ్చర్యంగా తల పక్కకు వంచింది. "మరి ఆ వచ్చేదెవరే?"

పక్క సందులోంచి వస్తోంది. "ప్రియమైన పుర ప్రజలారా." ఆటో మలుపు తిరిగింది. ముందు సీటులో డ్రైవరు పక్కన గిరిబాబు. తెల్లచొక్కా, ఒళ్ళో జెండా. వీధిలో గుమ్మాల్లోకి ఒక్కొక్కరే వచ్చి నిలబడుతున్నారు, ఎప్పటిలాగే. గొంతు పెద్దదవుతోంది. మంచులో సైనికుడు. కృష్ణ నీళ్ళు. ప్రమీలారాణి చెయ్యి తనకు తెలియకుండానే లేచింది. తల్లి చెవులు మూసెయ్యాలనిపించింది. వేపపుల్లల దాకా వెళ్ళి ఆ వేళ్ళు ఆగిపోయాయి. ఆ చెవులు మూసే హక్కు తనకెక్కడిది? తల్లి చేతి ముద్ద. అది అయిపోయింది. ఇక వచ్చేది అదే.

రాలేదు.

ఆటో ఇంజను చప్పుడు వినపడింది. చక్రం గుంటలో పడి నీళ్ళు చిమ్మిన చప్పుడు వినపడింది. ఎదురింట్లో చంటివాడు ఏదో అడిగాడు. మైకులోంచి మాత్రం ఏమీ లేదు. వాక్యం ఎంత పొడుగో అంత ఖాళీ. కత్తిరించినవాళ్ళకు అతకటం తెలియలేదు. బెన్నీ అయితే ఆ ఖాళీ తెలియనివ్వకుండా కలిపేసేవాడు. ఆ ఖాళీలోనే ఆటో వాళ్ళ అరుగు ముందుకు వచ్చింది. గిరిబాబు తలెత్తి అరుగు మీది ముసలామె చెవుల వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకోలేదు. తర్వాత మైకు "జై హింద్" అంది. ఆటో కాలువ వైపు మళ్ళింది.

గొంతు వంతెన మీద సన్నగిల్లిపోయేదాకా వెంకాయమ్మ వింది. ఎప్పుడూ ఇడ్లీ అడిగే సమయానికి అడగలేదు.

"ఎవరే ఆ పిల్ల? అచ్చం నీ గొంతు ఎత్తుకొచ్చింది" అంది. "ఊపిరి తీసుకోదేంటి? నాడె ఆగకుండా పరిగెత్తించినట్టుంది. దారం తెగుద్ది అట్టా నేస్తే."

ప్రమీలారాణికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"చివర్లో ఒకచోట ఆగింది చూడూ," అంది వెంకాయమ్మ, "అక్కడ మాత్రం నువ్వే. ఏముంది అక్కడ?"

"నాన్న గురించి ఒక మాట ఉండేదమ్మా. తీసేశారు."

"మంచిమాటా?"

"కాదు."

వెంకాయమ్మ చెయ్యి చాచి కూతురి తల తడిమింది. "పేపరు వచ్చిందా?" అంది.

"వచ్చింది."

"చదువు. ఇవాళ నీ గొంతు వినందే నాకు ముద్ద దిగదు."

ప్రమీలారాణి పేపరు విప్పింది. కాలువలకు నీళ్ళు వదిలారన్న వార్త చదివింది. నాలుగు మాటలు చదివి ఆగింది. మళ్ళీ నాలుగు మాటలు చదివి ఆగింది. ఎప్పుడూ కళ్ళు మూసుకుని చెప్పే మనిషి కళ్ళు తెరుచుకుని చదువుతోంది. గొంతు బెండకాయల కొట్టు దగ్గరిది కాదు, మైకు దగ్గరిదే. గుమ్మాల్లోంచి లోపలికి వెళ్ళబోతున్నవాళ్ళు నిలబడిపోయారు. ఎదురింటావిడ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, ఇన్నాళ్ళూ మీరేనాండీ!"

ప్రమీలారాణి సిగ్గుపడింది గానీ ఆపలేదు. కుర్చీ కింద వెంకాయమ్మ కుడికాలు అరుగును మెల్లగా నొక్కింది, వదిలింది. తర్వాత ఎడమకాలు నొక్కింది, వదిలింది. మగ్గం గుంటలో చెక్కలు తొక్కినట్టే, కూతురు ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఒక్కో కాలూ కదులుతోంది.